మామగారు నమ్మని నొప్పి

మా ఆయన మెట్ల మధ్యలో ఆగి ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాక నాకు అనుమానం వచ్చింది. ఆయనకు ఫోనంటే గిట్టదు. మోగితే విసుక్కుంటూ తీస్తారు, మోగకపోతే సంతోషిస్తారు. అలాంటి మనిషి మా బిల్డింగులో రెండో అంతస్తు దాటాక వచ్చే మలుపులో సంచి గోడకు ఆనించి, తల వంచుకుని ఫోన్లోకి తెగ చూస్తున్నారు. వెనక నుంచి తొంగి చూశాను. ఫోన్ ఆన్ కూడా చేయలేదు.

“ఏం చూస్తున్నారు?” అన్నాను.

“ఏం లేదు. నువ్వు నడు, వస్తా,” అన్నారు.

నేను నడవలేదు. నేను కర్టెన్లు కుట్టే మనిషిని. ఇంటివాళ్ళు ఫోన్లో చెప్పిన కిటికీ కొలతను ఏనాడూ నమ్మలేదు, వెళ్ళి టేపు పెట్టి చూసుకున్నాకే గుడ్డ కత్తిరిస్తాను. మొగుడి విషయంలో మాత్రం నమ్మేస్తానా? అక్కడే మెట్టు మీద చతికిలబడ్డాను. ఆయన చేసేది లేక నా పక్కన కూర్చున్నారు. కాసేపయ్యాక పాలిపోయిన మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

“ఎన్నాళ్ళ నుంచి?”

“కొన్నాళ్ళైంది. ఇక్కడ బిగదీసినట్టు ఉంటుంది. ఎక్కుతుంటే వస్తుంది, ఆగితే పోతుంది. ఎడమ చెయ్యి లోపలివైపు లాగుతుంది,” అని చెప్పి ఆయన నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. గుండెలో నొప్పని చెప్తూ నవ్వే మనిషిని ఏమనాలి?

“నవ్వెందుకు వస్తోందండీ మీకు?”

“ఈ మాటలే, ఇదే వరసలో, ఎంతమందికి నేర్పానో లెక్కలేదు,” అన్నారు.

ఆ నవ్వు అర్థం కావాలంటే ఆయన పని గురించి చెప్పాలి. మా ఆయన గుండె ఆస్పత్రిలో ఈసీజీ తీసే మనిషి. పెళ్ళినాటికే అదే పని. చొక్కా విప్పించడం, ఛాతీకి జెల్ రాసి స్టిక్కర్లు అతికించడం, వైర్లు తగిలించడం, “చేతులు వదులుగా పెట్టండి, ఊపిరి మామూలుగా తీసుకోండి” అనడం, వచ్చిన కాగితం చించి డాక్టరుకు ఇవ్వడం. జెల్ చల్లగా తగిలి జనం ఉలిక్కిపడతారని చలికాలంలో ఆ సీసాను చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవారు. ఇంట్లో నాకు ఏనాడూ కాఫీ వెచ్చబెట్టి ఇచ్చిన పాపాన పోలేదు గానీ, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు జెల్ వెచ్చబెడతారని ఎత్తిపొడిచేదాన్ని.

తర్వాత ఆ కంప్యూటర్ వచ్చింది. అది రావడం మంచికే అని మేమూ అనుకున్నాం. గుండె రక్తనాళాలను లోపలి దాకా చూపించే స్కాన్ మిషన్ ఆస్పత్రిలో ఒకటే. దాని కోసం వచ్చేవాళ్ళ లైను వీధి దాకా ఉండేది. అంతకుముందు గట్టిగా అరిచినవాడికీ పెద్ద డాక్టరు చుట్టానికీ ముందు అయ్యేది, నోరులేని వాళ్ళు బెంచీ మీదే ఉండిపోయేవారు. ఇక ఆ గోల లేకుండా ప్రశ్నల గది అని ఒకటి పెట్టి మా ఆయన్ని అందులో కూర్చోబెట్టారు. నొప్పితో వచ్చినవాళ్ళను ఆయన అడగాలి, చెప్పింది టైపు చేయాలి. ఆ జవాబులూ, వయసూ, బీపీ, షుగరూ, ఈసీజీ అన్నీ కలిపి చూసి కంప్యూటర్ ఒక రంగు చెప్తుంది. ఎరుపు వస్తే స్కాన్. పసుపు వస్తే మందులు వాడి మళ్ళీ రావాలి. ఆకుపచ్చ వస్తే గుండెకేం లేదు, ఇంటికి పొమ్మని.

దాన్ని కృత్రిమ మేధ అని పేపర్లో రాశారు. ఆస్పత్రిలో మాత్రం అందరూ మామగారు అనేవారు. అడిగినదానికే జవాబు చెప్పాలి, ఎక్కువ మాట్లాడకూడదు, ఆయన నవ్వరు, ఆయన మాటకు ఎదురు లేదు. నేను కాపరానికి వచ్చేటప్పటికే మా ఇంట్లో మామగారు లేరు. ఆ లోటు అలా తీరింది.

మొదట్లో మా ఆయన జనం చెప్పింది చెప్పినట్టు టైపు చేసేవారు. ఒకరోజు హాస్టల్లో గిన్నెలు తోమే ఆవిడ వచ్చింది. “ఒళ్ళంతా బరువుగా ఉందయ్యా, ఏదీ చేయబుద్ధి కావడం లేదు, లోపల ఏదోలా ఉంది,” అంది. ఆయన అదే కొట్టారు. ఆకుపచ్చ వచ్చింది. వారం తిరక్కుండా ఆవిడను స్ట్రెచర్ మీద తెచ్చారు. ఈసీజీ తీసింది మా ఆయనే. ఆ కాగితం చదవడానికి ఏ మామగారూ అక్కర్లేకపోయిందని ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పారు. కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండా లేచిపోయారు.

ఆ తర్వాత ఆయన తీరు మారింది. “ఏదోలా ఉంది” అన్నవాళ్ళను వదిలేవారు కాదు. “బిగదీసినట్టు ఉందా? ఎక్కితే వస్తుందా? ఆగితే పోతుందా?” అని తనే అందించేవారు. భయంతో ఉన్న మనిషి దేనికైనా తల ఊపుతాడు. ఆ ఊపిన తలను ఈయన టైపు చేసేవారు, ఎరుపు వచ్చేది. మెల్లగా సంగతి బయట బెంచీల దాకా పాకింది. ఫలానా మాటలు చెప్తే స్కాన్ అవుతుందని జనం బయటే బట్టీపట్టి లోపలికి వచ్చేవారు. దూరపు చుట్టాలు, మా వీధి ఇస్త్రీ షాపతను, నేను కర్టెన్లు కుట్టిన ఇళ్ళవాళ్ళు, అందరూ వచ్చారు. ఆయన ఎవర్నీ కాదనలేకపోయారు. మనిషికి మొహమాటం అంత ఉండకూడదు.

మా తమ్ముడూ వచ్చాడు. వాడికి గుండె మీద అనుమానమే తప్ప జబ్బు లేదు. “బావా, ఒక్కసారి చూపించుకుంటే నాకు నిద్రపడుతుంది” అని ఆయన ప్రాణం తోడేశాడు. చివరికి ప్రశ్నల గదిలో కూర్చుని, నాటకంలో వేషం కట్టినట్టు ఛాతీ మీద చెయ్యేసుకుని, ముక్కున పట్టిన మాటలన్నీ అప్పజెప్పి ఎరుపు తెచ్చుకున్నాడు. స్కాన్ శుభ్రంగా వచ్చింది. తన గుండె గొట్టాలు కొత్త పైపుల్లా ఉన్నాయట అని చుట్టాలందరికీ ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాడు.

మెట్ల మీద దొరికిపోయిన మర్నాడే ఆయన్ని ఆస్పత్రికి లాక్కెళ్ళాను. లాక్కెళ్ళడం అంటే ఆయన రోజూ వెళ్ళే చోటికే, కాకపోతే ఈసారి టేబులుకు ఇవతలివైపు స్టూలు మీద కూర్చోవాలి. ఆయన కుర్చీలో ఆయన దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి కూర్చుంది. ఆ పిల్లకు ఆయన్ని ప్రశ్నలు అడగాలంటే సిగ్గు.

“సర్, నొప్పి ఎలా ఉంటుంది సర్?”

“బిగదీసినట్టు.”

“ఎప్పుడు వస్తుంది?”

“మెట్లెక్కితే. ఆగితే పోతుంది. ఎడమ చెయ్యి లాగుతుంది.”

ఆ అమ్మాయి తలెత్తి ఒకసారి చూసి మళ్ళీ టైపు చేసింది. ఈసీజీ అంతకుముందే తీశారు, నొప్పి లేకుండా పడుకున్నప్పుడు తీసింది కాబట్టి బాగానే ఉంది. బీపీ కొద్దిగా ఎక్కువ, షుగర్ లేదు. తెర మీద ఆకుపచ్చ వచ్చింది.

“ఇంకోసారి కొట్టనా సర్?” అంది నీళ్ళు నములుతూ.

“వద్దమ్మా. అది నేర్చుకున్నదే చూపిస్తోంది,” అన్నారాయన.

బయట వరండాలో నాకు విడమరిచి చెప్పారు. స్కాన్ అయ్యాక ఏం తేలిందో ఆ ఫలితం తిరిగి కంప్యూటర్‌కు చేరుతుందట. దాన్ని చూసి అది తన లెక్కలు సరిచేసుకుంటుందట. ఈ మాటలు చెప్పి ఎరుపు తెచ్చుకున్న వాళ్ళలో చాలామందికి లోపల ఏమీ లేదు. మా తమ్ముడికి లేదు, ఇస్త్రీ షాపతనికి లేదు. అలా అలా ఇన్నేళ్ళకు మామగారికి ఒకటి బాగా ఒంటబట్టింది. ఎవరైనా బిగదీసినట్టుంది, ఎక్కితే వస్తుంది, ఆగితే పోతుంది అన్నారంటే వాళ్ళకు ఏమీ లేదని అర్థం.

“అయితే నిజంగా ఉన్నవాళ్ళు ఏం చెప్పాలి?” అన్నాను.

“అవే చెప్పాలి. నిజంగా ఉన్నవాళ్ళకు ఉండేది అలాగే కదా,” అన్నారు.

నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. గిన్నెలు తోమే ఆవిడ మళ్ళీ వచ్చి అదే స్టూలు మీద కూర్చుంటే ఆయన అదే చేస్తారు, నేనున్నా అదే చేస్తాను. కానీ లోపల నాకు భయం పట్టుకుంది. ఆయన మొహంలో కూడా భయం చూశాను. అప్పటిదాకా ఆయన నవ్వుతున్నారు.

ఊళ్ళో ఆ స్కాన్ ఉన్న చోట్లన్నీ ఈ మామగారి ఏలుబడిలోనివే. ఎక్కడికి వెళ్ళినా ముందు రంగు అడుగుతారు. అందుకని ఆయన ఆస్పత్రిలోనే గుండె జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మంచిది, మా ఆయన్ని అన్నయ్యా అంటుంది. అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“నేను నమ్ముతాను అన్నయ్యా. నేను నమ్మితే మిమ్మల్ని లైన్లో పెట్టగలను, అంతవరకే. ఎరుపు వచ్చినవాళ్ళందరూ అయ్యాకే ఎరుపు రానివాళ్ళకు ఇస్తారు. ఇప్పుడు రాస్తే వానలు తగ్గాక వస్తుంది తేదీ.”

అప్పటికి ఎండలే ముదరలేదు.

“అంతకన్నా ముందు కుదరదా డాక్టరుగారూ?” అన్నాను.

“నొప్పి ఉన్నప్పుడు తీసిన ఈసీజీలో మార్పు కనపడితే కుదురుతుంది. అప్పుడు ప్రశ్నలే ఉండవు, నేరుగా ఎరుపే. ఒకప్పుడైతే ట్రెడ్‌మిల్ పట్టీ మీద నడిపించి తీసేవాళ్ళం. కంప్యూటర్ వచ్చాక అవసరం లేదని దాన్ని తీసేశారు.” ఆవిడ మాత్రలు రాసిచ్చింది. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోవడానికి చిన్న మాత్రలు కూడా ఇచ్చింది.

పట్టీ లేకపోతేనేం, ఆస్పత్రికి మెట్లున్నాయి కదా అన్నాను నేను. ఆయన నావైపు కొత్తగా చూశారు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక మొదలుపెట్టాం. పని తెలిసిన మనిషి కాబట్టి ముందే ఛాతీకి స్టిక్కర్లు అతికించుకుని పైన చొక్కా వేసుకున్నారు. నొప్పి రాగానే కింద ఈసీజీ గదికి వచ్చి పడుకుంటే వైర్లు తగిలించడమే తరువాయి. ఆ అమ్మాయి మంచం దగ్గర సిద్ధంగా నిలబడింది.

మొగుడికి గుండె నొప్పి రావాలని కోరుకుంటూ వెనకాల మెట్లెక్కిన ఆడదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఆయన నెమ్మదిస్తే, “ఇంకొంచెం గట్టిగా నడవండి” అని తోశాను. మూడో అంతస్తు దగ్గర ఆయన రెయిలింగు పట్టుకున్నారు. “వచ్చిందా?” అన్నాను. తల ఊపారు. నుదుటి మీద చెమట. ఆయన్ని పట్టుకుని లిఫ్టు దగ్గరికి నడిపించాను. లిఫ్టులో స్ట్రెచర్ ఉంది. అది దిగి, మళ్ళీ పైకొచ్చి, మమ్మల్ని ఎక్కించుకుని కిందికి దింపి, ఆయన మంచం ఎక్కి, ఆ అమ్మాయి వైర్లు తగిలించేసరికి నొప్పి పోయింది. ఆగితే పోయే నొప్పి మరి. కాగితం వచ్చింది. ఆయన పడుకునే చేయి చాచి తీసుకుని చూశారు.

“ఇంత అందమైన ఈసీజీ నేను చూసి చాలా రోజులైంది,” అన్నారు. ఆ అమ్మాయి ఏడుపు మొహం పెట్టింది.

ఇంకో రోజు మిషన్నే ట్రాలీతో మూడో అంతస్తు మెట్ల దగ్గరికి తెచ్చుకున్నాం. ఆయన ఎక్కి వచ్చి, చొక్కా గుండీలు విప్పి, రెయిలింగు పట్టుకుని నిలబడితే అక్కడే వైర్లు తగిలించింది. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు, కొందరు ఆగి చూస్తున్నారు. నేను అడ్డంగా నిలబడ్డాను. నొప్పి ఉంది, కాగితమూ వచ్చింది. కానీ నిలబడి రొప్పుతున్న మనిషి ఒళ్ళు కుదురుగా ఉంటుందా? గీతలన్నీ పిల్లలు గీసినట్టు పడ్డాయి. డాక్టరమ్మ దాన్ని కిటికీ వెలుతురులో పెట్టి చూసింది, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

“ఏదో ఉన్నట్టే ఉంది అన్నయ్యా. వణుకు వల్ల కూడా ఇలాగే పడుతుంది.” మామగారికి చూపిస్తే స్పష్టత చాలదు, రోగిని పడుకోబెట్టి మళ్ళీ తీయండి అన్నారు.

ఇక దాచి లాభం లేదని మా ఆయన కంప్యూటర్ వ్యవహారం చూసే ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తానన్నారు. ఉద్యోగం పోతుందేమో అన్నాను. “ముందు నేనుంటే కదా,” అన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఇన్‌చార్జి బల్ల మీద రెండు తెరలు, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ ఉన్నాయి. మనిషి కోప్పడలేదు. పైగా చెప్పినందుకు మెచ్చుకున్నాడు.

“మాకూ అనుమానంగానే ఉందండి, మీ ఆస్పత్రిలోనే ఆ మాటలు ఎందుకంత ఎక్కువ వస్తున్నాయా అని.”

“అయితే సరిచేయండి సర్,” అన్నారు మా ఆయన.

“చేయొచ్చు. ఎవరివి మీరు అందించిన మాటలో, ఎవరివి సొంత మాటలో చెప్తే నేర్పినవి తీసేస్తాం. మీకు గుర్తున్నాయా?”

మా ఆయన ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, నేను చూస్తూనే ఉన్నాను. “ఎలా గుర్తుంటాయి సర్? అందరూ భయపడే వచ్చారు. కొందరికి నిజంగానే ఉంది కూడా,” అన్నారు.

“అదే మరి. అన్నీ తీసేస్తే నిజమైనవీ పోతాయి, అన్నీ ఉంచితే ఇలా ఉంటుంది. ఉంచడమే నయమని పైవాళ్ళు అంటారు.” కాసేపు కీబోర్డు మీద ఏదో కొట్టి, ఇబ్బందిగా మొహం పెట్టాడు. “ఇంకొకటండి. జవాబులు ముందే తెలిసినవాళ్ళు చెప్పినవి లెక్కలోకి తీసుకోకూడదని రూలు. మీరు ఒప్పుకున్నారు కాబట్టి మీ జవాబులు తీసేయాలి.”

“తీసేస్తే ఏం మిగులుతుంది?” అన్నాను.

“వయసు, బీపీ, షుగరు, పడుకుని తీసిన ఈసీజీ.”

మళ్ళీ ఆకుపచ్చే వచ్చింది. ఈసారి ఇంకా ధీమాగా వచ్చిందని అతనే చెప్పాడు. నాకు ఆ తెరలు రెండూ ఎత్తి కిందేయాలనిపించింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ వారంలోనే మా ఆయన్ని ప్రశ్నల గది నుంచి తీసేసి, రిపోర్టులు ఇచ్చే కిటికీలో కూర్చోబెట్టారు. ఉద్యోగం మాత్రం తీయలేదు, అందుకు అందరూ మమ్మల్ని అదృష్టవంతులన్నారు.

ఇక వానల కోసం ఎదురుచూశాం. సంచులు నేనే మోశాను. ఆయన రోజుకు ఒక్కసారే దిగి, ఒక్కసారే ఎక్కేవారు, ప్రతి మలుపులో కూర్చుంటూ. మా తమ్ముడు వచ్చి కింద అంతస్తులో ఇల్లు చూస్తానన్నాడు, చూస్తూనే ఉన్నాడు. వాడు ఆయన మొహంలోకి చూడలేక నేల చూపులు చూసేవాడు. “నీ పైపులు ఎలా ఉన్నాయిరా?” అని బావే వాణ్ణి నవ్వించబోయేవారు. వాడు నవ్వేవాడు కాదు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర నాకో ఆలోచన వచ్చింది. ఇక్కడ జవాబులు లెక్కలోకి తీసుకోకపోతే పోనీ, ఇంకో ఆస్పత్రికి వెళ్ళి, మామగారు ఎప్పుడూ వినని మాట ఏదైనా చెప్తే? ఇద్దరం కూర్చుని వెతికాం. తడిగుడ్డ పిండినట్టు ఉందని చెప్పండి అన్నాను. తలుపు సందులో పడ్డట్టు అన్నాను. ఎవరో లోపల కూర్చుని లేవనంటున్నట్టు అన్నాను. ఆయన ఒక్కోదాన్నీ నోట్లో తిప్పుకుని చూశారు, రుచి చూసినట్టు.

“బావున్నాయి. కానీ అలా లేదే. బిగదీసినట్టే ఉంది,” అన్నారు.

“అబద్ధమైతే ఏం పోయింది?”

“చాలామంది చేత చెప్పించాను. నా వంతుకు వచ్చేసరికి నోరు రావడం లేదు.” నేను కంచాలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఆయన వినే ఉంటారు. మా వంటిల్లు ఎంతని.

వానలు మొదలయ్యాయి గానీ తగ్గలేదు. ఒక పొద్దున ఆయన డ్యూటీకి తయారవుతూ మంచం అంచున కూర్చున్నారు. నేను కాఫీ గ్లాసుతో వెళ్ళేసరికి పక్కకు ఒరిగి ఉన్నారు. ఒక కాలికి మేజోడు ఉంది, రెండోది చేతిలో ఉంది. నాలుక కింద మాత్ర పెట్టబోయాను, అది పెదవి మీంచి జారిపోయింది. పక్కింటివాళ్ళు వచ్చారు, వీధి చివర క్లినిక్ డాక్టరు వచ్చాడు. మణికట్టు పట్టుకుని చూసి, అయిపోయి కాసేపైందన్నాడు. ఆస్పత్రికి తీసుకెళ్ళినా ప్రయోజనం లేదన్నాడు. హఠాత్తుగా పోయారని సర్టిఫికెట్ రాసిచ్చాడు. మా తమ్ముడు గుమ్మంలో కూలబడి, “బావా, నా స్కాన్ నీకు రావాల్సింది బావా” అని ఒకటే ఏడుపు. నాకు వాణ్ణి ఓదార్చే ఓపిక లేకపోయింది.

స్కాన్ తేదీ వచ్చిన రోజు నేను ఆస్పత్రికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, ఆయన చెప్పింది నిజమని మామగారికి తెలియాలి. స్కాన్లు చూసి నేర్చుకున్నవారు చావు చూసి నేర్చుకోరా? ఆయన పోయినందుకు వెనకాల ఒక్కరికైనా ఎరుపు రావాలి. అదొక్కటి జరిగితే చాలనుకుని ఇన్‌చార్జి గదికి వెళ్ళి సర్టిఫికెట్ బల్ల మీద పెట్టాను. అతను లేచి నిలబడ్డాడు, చాలా బాధపడ్డాడు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఇది అందులో ఎక్కించండి,” అన్నాను.

అతను కాగితం చదివాడు. “గుండె వల్ల అని ఇందులో లేదమ్మా. ఆస్పత్రిలో జరిగుంటే, పరీక్ష ఏదైనా చేసుంటే ఎక్కించేవాళ్ళం. ఇంట్లో హఠాత్తుగా అంటే కారణం ఏదైనా కావచ్చు. కారణం తేలనిది తీసుకోదు.”

“మరి ఆయన పేరు దగ్గర ఏముంటుంది?”

“స్కాన్‌కు రాలేదు అని.”

“రాకపోతే ఏమనుకుంటుంది అది?”

అతను చెప్పాడు. చెప్పకుండా ఉంటే బావుండేది. “ఆకుపచ్చ వచ్చినవాళ్ళు నొప్పితో మళ్ళీ ఏ ఆస్పత్రికీ రాకపోతే, బాగున్నారని లెక్క వేసుకుంటుందమ్మా. ఆ ఆకుపచ్చ సరైనదేనని.”

నేను లేచి వచ్చేశాను. కాళ్ళు నన్ను ప్రశ్నల గది బయట బెంచీ దగ్గరికి తీసుకెళ్ళాయి. అక్కడ కూర్చున్నాను. తలుపు సగం తెరిచి ఉంది. ఆ అమ్మాయి ఎవరినో అడుగుతోంది. లోపలి మనిషి గొంతు, మా ఆయన వయసే ఉంటుంది, ఏదో చెప్తోంది. అన్నీ వినపడలేదు. ఎక్కితే వస్తుందన్నది వినపడింది, ఆగితే పోతుందన్నది వినపడింది. కాసేపటికి అతను బయటికి వచ్చాడు. వెనకాల భార్య. ఆవిడ మొహం విప్పారి ఉంది, ఎవరితోనైనా చెప్పుకోకపోతే ఉండలేనట్టు నా పక్కన కూర్చుని సంచి సర్దుకుంది.

“ఆకుపచ్చ వచ్చిందండీ. గుండెకేం లేదట. ఎంత భయపడ్డామో.”

“నమ్మకండి,” అన్నాను. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. “మా ఆయనకీ ఇవే మాటలు, ఇదే రంగు. వానల్లో పోయారు. గుండె వల్లే పోయారు. మీరు వదలకండి, గొడవ చేయండి, స్కాన్ చేయించండి.”

ఆవిడ భయంగా చూసింది. భర్త వైపు చూసి, మళ్ళీ నావైపు చూసింది. మంచి మనిషే, జాలిగానే అడిగింది.

“అయ్యో. మరి మీవారికి స్కాన్ చేశారా?”

“లేదు.”

“ఏదైనా పరీక్షలో తేలిందా?”

“లేదు.”

“మరి గుండే అని ఎలా తెలిసిందండీ?”

“ఆయన చెప్పారు,” అన్నాను.

ఆవిడ ఇంకేదైనా చెప్తానేమోనని ఆగింది. మెల్లగా తన చెయ్యి విడిపించుకుని, నా భుజం తట్టి, “జాగ్రత్తమ్మా, ఒంటరిగా వచ్చినట్టున్నారు,” అంది. తర్వాత భర్తను తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.